రెప్పటోపీ

కొంగవలసలో ఫొటోగ్రఫీ మొదటి పాఠం కెమెరా లేకుండా జరిగింది. ముకుందరావు మాస్టారు ఎనిమిదిమంది పిల్లల్ని చింతతోపులోకి తీసుకెళ్ళి, తలా ఒక చెట్టు కింద కూర్చోబెట్టి, "మీ చెట్టు మీద ఏం జరుగుతోందో చూస్తూ ఉండండి. నేనొచ్చినప్పుడు చెవిలో చెప్పండి" అన్నాడు. పిల్లలు ఉసూరుమన్నారు. కెమెరాలిస్తారనే కదా తలలు నున్నగా దువ్వుకుని, పండగ బట్టలు కట్టుకుని వచ్చింది!

వాళ్ళు మండలంలోని ప్రాథమిక పాఠశాలలన్నీ గాలించి ఏరుకొచ్చిన చురుకైన పిల్లలు. చురుకైన పిల్లలంటే ఏమిటో వాళ్ళకి పాఠం చెప్పినవాళ్ళకే తెలుస్తుంది. "నిద్దట్లో పిట్ట కొమ్మ మీంచి ఎందుకు పడిపోదండీ?" అని ఒకడు అడుగుతాడు. మీరు జవాబు వెతుక్కునేలోపు "పడిపోయినట్టు దానికి కలొస్తే?" అని ఇంకొకతె అందుకుంటుంది. మామూలు బళ్ళో ఇలాంటి వాళ్ళని గోడ వైపు తిప్పి నిలబెడతారు. ముకుందరావు మాత్రం ఆ ప్రశ్నలకి మురిసిపోయేవాడు. చూడటం వచ్చినవాడికే ప్రశ్న వస్తుందని, ప్రశ్న వచ్చినవాడే ఫొటో తియ్యగలడని అతని నమ్మకం.

చెవిలో చెప్పమనడానికి కారణం ఉంది. ఏటా చలికాలం ముందు గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ ఎక్కడెక్కడినుంచో వచ్చి ఆ తోపులో గూళ్ళు కట్టుకుంటాయి. ఊళ్ళో వాటిని పక్షులు అనరు, "పురిటికొచ్చిన ఆడపిల్లలు" అంటారు. అవి ఉన్నన్నాళ్ళూ తోపులో ఎవరూ గొంతెత్తకూడదు. పెళ్ళి జరిగినా మేళం ఊరవతలే ఆగిపోవాలి. ఫోన్లు నోరు కట్టేసి, తోపు మొదట్లో ఇల్లున్న తవిటమ్మ అరుగు మీద బుట్టలో పడేసి వెళ్ళాలి. తల్లిపక్షి బెదిరి లేచిందంటే ఆ రెండు నిమిషాల్లో కాకులు గూడు ఖాళీ చేసేస్తాయి. అందుకే తోపులో ఎవరైనా తుమ్మినా తవిటమ్మ ఊరుకునేది కాదు. "పురిటింటి కాడ అలగ తుమ్మీత్తారేటి మాస్టారూ? పిల్లగుంటలకి సెప్పుకోవాల మరి" అనేది.

మాస్టారి కూతురు మేదిని కూడా ఆ ఎనిమిదిమందిలో ఒకతె. తొమ్మిదేళ్ళది. తోపులో తండ్రిని "మాస్టారూ" అని గౌరవంగా పిలిచి, ఇంటికి రాగానే "నాన్నా, ఆకలేస్తోందిరా బాబూ" అనే రకం. తల్లి సువర్చల విశాఖపట్నంలో మెదడు మీద పరిశోధన చేసే సంస్థలో పనిచేస్తుంది. శనివారం వచ్చి, ఆదివారం వెళ్ళిపోతుంది. వచ్చినప్పుడు కూడా వెంట లాప్‌టాప్ ఉంటుంది. మేదిని ఎప్పుడూ పేచీ పెట్టలేదు, ఉండిపొమ్మని కొంగు పట్టుకోలేదు. పిల్ల నాన్నకూచి అనీ, తనంటే అంతంతమాత్రమే అనీ సువర్చల ఎప్పుడో సర్దిచెప్పుకుంది. ఒక రకంగా ఆ మాట ఆమెకి సుఖంగానే ఉండేది. ఎవరూ ఎదురుచూడని చోటికి ఆలస్యంగా వెళ్ళినా తప్పులేదు కదా.

నెల తిరిగాక మాస్టారు కెమెరాలు చేతికిచ్చాడు. వెలుతురు వీపు వెనక ఉండాలన్నాడు, గాలికి ఎదురుగా నక్కి కూర్చోవాలన్నాడు, పక్షి కన్ను దొరక్కపోతే ఫొటో దొరకనట్టే అన్నాడు. అన్నీ విన్నారు. కానీ పక్షి రెక్క విప్పే లిప్తలో ఆ చిన్న వేళ్ళు మీట వెతుక్కుంటూ ఉండిపోయేవి. ఒకరోజు డిల్లీశ్వరి అనే పిల్ల కెమెరా మాస్టారి ఒళ్ళో పెట్టేసి ఏడుపు మొహం పెట్టింది.

"నాను సూసిందొకటీ, ఇందల పడిందొకటీనండి. ఆ బాతు మూతి కింద సంచి ఇప్పి పిల్లకి సేప పెడతంటే నా గుండికాయ ఝల్లుమన్నాదండి. ఇందల ఆ ఝల్లు నేదు" అంది.

శనివారం భోజనాల దగ్గర ముకుందరావు ఈ మాట నవ్వుతూ చెప్పాడు. సువర్చల నవ్వలేదు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, "ఆ ఝల్లు ఎక్కడ పుడుతుందో నాకు తెలుసండీ" అంది. "దాన్ని పట్టుకోవచ్చు."

అలా పుట్టింది రెప్పటోపీ. చూడ్డానికి క్రికెట్ ఆడే పిల్లల టోపీలా ఉంటుంది. నుదుటి దగ్గర శనగగింజంత కటకం, లోపల తలకి ఆనుకుని వెంట్రుక సన్నం తీగలు, పక్కన ఆవగింజంత దీపం. మీట లేదు. పిల్ల మనసు దేన్ని చూసి ఎగిసిపడితే ఆ క్షణానికి టోపీ తనంతట తానే రెప్పవేసినట్టు బొమ్మ తీసుకుంటుంది, దీపం ఆకుపచ్చగా వెలిగి ఆరుతుంది. కటకం రూపాన్ని తీసుకుంటే తీగలు ఆ ఎగిసిపాటుని తీసుకుంటాయి. తరవాత ఎవరైనా దాని తాలూకు కళ్ళజోడు పెట్టుకుని చూస్తే బొమ్మతో పాటు ఆ ఝల్లు కూడా వాళ్ళకి అందుతుంది.

మొదటి ఫొటో డిల్లీశ్వరిదే. కళ్ళజోడు పెట్టుకున్న ముకుందరావు చింతచెట్టు మొదట్లో చతికిలబడ్డాడు. ఇరవయ్యేళ్ళుగా గూడబాతుల్ని తీస్తున్నవాడికి, అసలు గూడబాతు అనేది లోకంలో ఉందని ఆ పూటే తెలిసినట్టయింది. కళ్ళు తుడుచుకుని, తోపు బయటికొచ్చి భార్యకి ఫోన్ చేసి, "సువర్చలా, నీకు పాదాభివందనం" అన్నాడు.

ఆ చలికాలమంతా టోపీలు రెప్పవేస్తూనే ఉన్నాయి. గూడబాతులు, కొంగలు, తంపర చిత్తడి నీళ్ళ మీద మంచు, తామరాకు మీద దొర్లే చుక్క, పొద్దున్నే సాలెగూడు. పిల్లలు ఏది చూసి అబ్బురపడితే అది ఫొటో అయ్యేది. విశాఖలో ప్రదర్శన పెడితే జనం వరసలు కట్టారు. పదవీవిరమణ చేసిన ఓ పెద్దాయన కళ్ళజోడు తియ్యనని మొండికేస్తే మనవలొచ్చి బతిమాలాల్సి వచ్చింది. లోపల పట్నం జనం కన్నీళ్ళు పెట్టుకుంటుంటే, తీసిన పిల్లలు మాత్రం బయట వరండాలో బిస్కెట్లు తింటూ కూర్చున్నారు.

సువర్చల డిల్లీశ్వరిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, ఆ పిల్ల తీసిన ఫొటోనే ఆ పిల్లకి చూపించింది.

"ఝల్లుమందా?"

"నేదండి." డిల్లీశ్వరి కళ్ళజోడు తీసి మర్యాదగా తిరిగిచ్చేసింది. "బాతే కదండి. సేప పెడతన్నాది. నానింక ఎల్లొచ్చాండి?"

తిన్న కూడే రోజూ తింటే మొహం మొత్తదా అన్నాడు ముకుందరావు. అదే అయ్యుంటుందనుకుంది సువర్చల. పొగడ్తల మధ్య నిలబడ్డప్పుడు ఏ జవాబు దొరికినా సరిపోతుంది.

కొంగవలసలో కూడా ఒక మార్పు వచ్చింది. తోపులో ప్రశ్నలు తగ్గాయి. పిల్లలు వచ్చి ఎవరి చెట్టు కింద వాళ్ళు కుదురుగా కూర్చునేవాళ్ళు. తనిఖీకి వచ్చిన అధికారి పిల్లల్లో క్రమశిక్షణ బాగా వచ్చిందని మెచ్చుకుని వెళ్ళాడు. మాస్టారికి ఆ మెచ్చుకోలు రుచించలేదు. ఎందుకు రుచించలేదో అప్పటికి తెలియలేదు. తవిటమ్మ మాత్రం బుట్టలో అతని ఫోన్ పడేస్తూ ఓ మాట అంది.

"గుంటలకి ఏటయినాది మాస్టారూ? నిన్న బాతుల గుంపు నెత్తి మీంచి ఎల్తాంటే ఒక్కడూ తలెత్తి సూడ్నేదు. పెద్దోలైపోనారేటి, అప్పుడే?"

సువర్చలకి డిల్లీశ్వరి జవాబు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. పెద్దవాళ్ళలో ఎగిసిపాటు తక్కువ కాబట్టి టోపీ వాళ్ళకి పనిచెయ్యదు. ఆమె ఒక టోపీని ఇంకాస్త సున్నితంగా మార్చి, ఒక పొద్దున్న సంస్థ బస్సులో తనే పెట్టుకుంది. రుషికొండ మలుపు దగ్గర కొండ పక్కకి తప్పుకుని, సముద్రం ఒక్కసారిగా ముందుకొచ్చి నిలబడుతుంది. ఎన్నేళ్ళుగా చూస్తున్నా ఆ మలుపు దగ్గర ఆమె ప్రాణం లేచొచ్చేది. ఆ రోజూ లేచొచ్చింది. దీపం వెలిగింది.

ప్రయోగశాలకి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుంది. నీళ్ళు కనిపించాయి. అంతే. టోపీ పనిచెయ్యలేదనుకుని, కళ్ళజోడు సహాయకురాలు యామిని చేతికిచ్చింది. యామిని పెట్టుకుని, పక్కనున్న బల్ల అంచు పట్టుకుంది.

"అబ్బ! మేడం, ఏ సముద్రం ఇది? రోజూ మనం వచ్చే దారేనా?"

సువర్చల మేడ మెట్లు ఎక్కి పైకి పరిగెత్తింది. అక్కణ్ణించి సముద్రం బాగా కనిపిస్తుంది. కనిపించింది. చాలా ఉప్పునీళ్ళు, ఒక పక్క ఇసక. ఆమె పిట్టగోడ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డా అంతకంటే మరేం జరగలేదు. పిల్లల మనసులోంచి నకలు తీస్తున్నామనుకుంది. ఇన్నాళ్ళూ తీస్తున్నది అసలునే. తీగలు ఆ ఎగిసిపాటుని గట్టిగా పట్టుకున్న లిప్తలో మెదడు దాన్ని వదిలేసుకుంటోంది. తీసినది ఇంకెవరికైనా పనికొస్తుంది కానీ, తీసినవాళ్ళకి తిరిగి రాదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, నిన్న ముకుందరావు ఫోన్లో అన్న మాట. "ఆలస్యంగా వచ్చిన కొంగల గుడ్లు పగలడం మొదలైంది. రేపు మన పిల్లలు మొట్టమొదటిసారి పక్షి పుట్టడం చూస్తారు. టోపీలన్నీ ఛార్జింగ్ పెట్టాను."

అతని ఫోన్ పలకలేదు. తవిటమ్మ అరుగు మీద బుట్టలో ఉంటుందది. బడికి చేస్తే ఎవరూ ఎత్తలేదు. సువర్చల దొరికిన కారెక్కి, డ్రైవర్ని తొందరపెడుతూ దారి పొడుగునా అదే ఫోన్‌కి మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉంది. పిల్లల తెలివంతా ఆ అబ్బురం మీదే కదా నిలబడింది! ఎనిమిదిమందిలో ఒక్కొక్కరూ ఏమేం పోగొట్టుకున్నారో తలుచుకోసాగింది. మేదినికి పొద్దుటి మంచు అంటే ఇష్టం, అది పోయి ఉంటుంది. కొంగలు పోయి ఉంటాయి. ఇవాళ ఆ పుట్టుక కూడా పోతుంది. పిల్ల లోకంలో ఇంకా ఏమేం మిగిలి ఉండొచ్చో ఆమె లెక్కేసుకుంటూనే వచ్చింది. ఆ లెక్కలో తను లేదు.

కొంగవలస చేరేసరికి మధ్యాహ్నం ఎండ వాలుతోంది. తవిటమ్మ అరుగు మీంచి లేచింది.

"ఏటమ్మా, ఇయ్యాల శనివారం కాదు గదా! మొకం అలగున్నాదేటి?"

"పిల్లలు లోపలున్నారా?"

"ఉన్నారు. గుడ్లు ఇచ్చుకుంతన్నాయి గదా, సూత్తన్నారు. బేగెల్లు. అరవకు తల్లీ."

తోపు మొదట్లో నిలబడితే చెట్ల కింద ఎనిమిది టోపీలూ కనిపిస్తున్నాయి. ఒక్క కేక చాలు. "టోపీలు తీసెయ్యండి!" అని ఒక్క కేక. సువర్చల గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. తల ఎత్తితే ప్రతి కొమ్మ మీదా గూడు, ప్రతి గూటిలో రెక్కలు పరుచుకుని తల్లి. పక్కనే కరెంటు తీగ మీద కాకులు వరసగా కూర్చుని ఉన్నాయి. కేక వేస్తే తోపంతా లేస్తుంది. పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన దగ్గర్నుంచీ పురిటివేళ ఇక్కడ ఎవరూ గొంతెత్తగా ఆమె వినలేదు. ఊపిరి వదిలేసి, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, ఎండుటాకులు తప్పించుకుంటూ నడిచింది.

మొదటి చెట్టు కింద పిల్లాడి వెనకనుంచి వెళ్ళి టోపీ ఎత్తేసింది. వాడు తెల్లబోయి చూస్తే పెదవి మీద వేలు పెట్టింది. తరవాత డిల్లీశ్వరిది. అలా ఒక్కొక్క చెట్టూ. దూరంగా ముకుందరావు చూసి ఏమిటన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆమె తన తల మీద చెయ్యిపెట్టి టోపీ తీసేస్తున్నట్టు చూపించింది. అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమై, దగ్గరున్న ఇద్దరి టోపీలు లాగేసేసరికి మిగిలింది మేదిని ఒక్కతే, చివరి చెట్టు కింద, పైకి చూస్తూ.

ఇంకో పది అడుగులుందనగా సువర్చల కాలి కింద చింతకాయ పెంకు చిటుక్కుమంది. మేదిని వెనక్కి తిరిగింది.

శనివారం కాని రోజు, ఎప్పుడూ రాని వేళ, చెప్పులు చేత పట్టుకుని అమ్మ. పిల్ల కళ్ళు ఇంతింతలయ్యాయి. నోరు తెరుచుకుంది. మోకాళ్ళ మీంచి సగం లేచింది. కూతురి మొహంలో అలాంటి వెలుగు సువర్చల ఎన్నడూ చూడలేదు, అది తన కోసమని అర్థమవడానికి ఆమెకి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణంలోనే టోపీ పక్కన ఆకుపచ్చ దీపం వెలిగింది.

సగం లేచిన పిల్ల మళ్ళీ కూర్చుంది.

"అమ్మా, మీరా?" అంది, గొంతు పెరగకుండా, బళ్ళో కొత్త టీచరుని పలకరించినట్టు. "ఇవాళ సెలవా?"

పైన ఒక్క పక్షి కూడా లేవలేదు. ఆ పూట గూళ్ళన్నిట్లో పిల్లలు క్షేమంగా పుట్టాయి.

తరవాత చెయ్యగలిగినవన్నీ చేశారు. టోపీలు విప్పారు, తీగల్ని తిరగేసి కలిపారు, మేదిని తీసిన ఫొటోని మేదినికే ఎన్నోసార్లు చూపించారు. "అమ్మ నడిచొస్తోంది" అనేది పిల్ల. ఆ మాటలో అబద్ధం లేదు, మరింకేమీ కూడా లేదు. సంస్థ వాళ్ళు పెద్దవాళ్ళ ఒప్పుదల తీసుకుని ప్రయోగం కొనసాగిద్దామన్నారు. అమ్ముకోదగ్గ ఆనందాలు జనం దగ్గర బోలెడున్నాయట. సువర్చల టోపీల నమూనాలన్నీ నాశనం చేసి, ఉద్యోగానికి రాజీనామా రాసి వచ్చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది ఆమెకి.

వచ్చేసే ముందు ఆ ఫొటో చూసింది. అప్పటిదాకా చూడ్డానికి ధైర్యం చాలలేదు. కళ్ళజోడులో ఒక ఆడమనిషి చెట్ల మధ్యనుంచి వస్తోంది. నలిగిన చీర, రేగిన జుట్టు, చేతిలో చెప్పులు. ఆ మనిషి ఎంత అందంగా ఉందంటే సువర్చలకి ఏడుపొచ్చింది. ఆ మనిషి వైపు పరుగెత్తాలని కాళ్ళు కొట్టుకున్నాయి, చుట్టేసుకోవాలని చేతులు కొట్టుకున్నాయి. ఎప్పుడూ పేచీ పెట్టని పిల్ల, ఎప్పుడూ కొంగు పట్టుకోని పిల్ల, లోపల ఇంత దాచుకుంది. తను చూసుకోలేదు. చూడగలిగే యంత్రం చేసింది కానీ, శనివారాలు కంచం ముందు కూర్చున్న పిల్ల మొహంలోకి ఒక్కసారి తిన్నగా చూసుకోలేదు. 

ముకుందరావు పాఠాలు మానలేదు. పిల్లలు పోగొట్టుకున్నది టోపీ తీసుకున్నవాటినే కాబట్టి, ఇంకా తియ్యనివి ఏమున్నాయో వెతకడం అతని పనయింది. గూళ్ళవైపు కాకుండా నేలవైపు చూడమన్నాడు. రాళ్ళు తిరగేయించాడు. ఒకరోజు డిల్లీశ్వరి రోకలిబండ పురుగు ముందు బోర్లా పడుకుని, "మాస్టారూ, ఇన్ని కాళ్ళున్నాయి గదా, ముందు ఏ కాలు ఎయ్యాలో దీనికి ఎలగ గేపకం ఉంతాది?" అని అడిగింది. అన్ని నెలల తరవాత విన్న మొదటి ప్రశ్న అది. మాస్టారు పక్కకి తిరిగి కళ్ళు ఒత్తుకున్నాడు. మేదిని కూడా ఆ రోకలిబండని చూసి నవ్వింది. పక్షి పోతే పురుగైనా ఉంది. అమ్మ పోతే ఇంకో అమ్మ కోసం ఏ రాయి తిరగెయ్యాలి?

సువర్చల టెక్కలిలో కాలేజీ ఉద్యోగం చూసుకుంది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఇంటికొస్తుంది. పిల్లకి జడ వేస్తుంది, లెక్కలు చెప్తుంది, పక్కన పడుకుని కథలు చదువుతుంది. మేదిని అన్నీ బుద్ధిగా వింటుంది. "థాంక్స్ అమ్మా" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా సువర్చలకి ఎవరింట్లోనో అతిథిగా ఉన్నట్టుంటుంది.

ఒక సాయంత్రం బస్సు దిగేసరికి రోడ్డు అవతల మేదిని నిలబడి ఉంది. దూరంగా టీ కొట్టు దగ్గర ముకుందరావు. సువర్చలని చూడగానే పిల్ల పరుగెత్తుకొచ్చింది. రెండు జడలూ ఎగురుతుంటే, చేతులు చాచి, ఒక్క ఉదుటున వచ్చి నడుం చుట్టేసుకుంది. సువర్చల సంచి కింద పడిపోయింది. ఉన్నపళంగా మోకాళ్ళ మీద కూర్చుని పిల్లని గుండెకి హత్తుకుంది. "మేదూ, మేదూ" అంటూ తల నిమిరింది, నుదురు ముద్దుపెట్టుకుంది. వచ్చేసింది, తిరిగొచ్చేసింది అనుకుంది.

పిల్ల భుజం మీదుగా చూస్తే ముకుందరావు తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

మేదిని మెల్లిగా చేతులు వదిలించుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, తల్లి మొహంలోకి పరీక్షగా చూసింది.

"ఆ ఫొటోలో ఏముందో నాన్నని అడిగానమ్మా. మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి ఇలా పట్టుకోవాలని ఉందట. నాకు తెలీట్లేదు కానీ, మీరు రోజూ దిగులుగా ఉంటున్నారు కదా. నిన్న పెరట్లో ప్రాక్టీసు చేశాను." కాస్త ఆగింది. "సరిగ్గా చేశానా?"

సువర్చల తలూపింది.

"రేపు కూడా చెయ్యనా?"

వద్దు తల్లీ, నా కోసం అలా చెయ్యకు అని చెప్పాలి. ఏ తల్లయినా చెప్పాల్సింది అదే. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా.

"చెయ్యి" అంది సువర్చల.

మేదిని సరేనని, కిందపడ్డ సంచి తీసి, దుమ్ము దులిపి తల్లి చేతికిచ్చింది.